గుంటూరు, ప్రకాశం జిల్లాల గణాంక దర్శిని: శాఖల మధ్య లెక్కల సమన్వయం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

జిల్లా గణాంక దర్శినిలోని ఒక్కో పట్టిక ఒక్కో శాఖ నుంచి వస్తుంది. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ లెక్కలను ఎవరు తీశారు, ఎవరు సరిపోల్చారు అన్న విషయాన్ని ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. ఒకే చేతి లెక్కను అనేక శాఖలు వాడుకున్న దశ నుంచి, అనేక శాఖల లెక్కలను ఒకే సంపుటంలో కూర్చవలసిన దశకు మార్పు జరిగిందనీ, ఆ మార్పుతో సమన్వయమే గణాంక దర్శినికి అసలు పని అయిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గణాంక దర్శిని, అడంగల్, కరణం, అజమాయిషీ, ఫసలీ, గుంటూరు, ప్రకాశం.

1. ఉపోద్ఘాతం

జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం గణాంక దర్శినిని సంకలనం చేస్తుంది. జనాభా, వర్షపాతం, భూవినియోగం, పంటలు, నీటిపారుదల, పశుసంపద, మార్కెట్లు, విద్య, వైద్యం వంటి విషయాలు అందులో మండలాల వారీగా ఉంటాయి. ఈ కార్యాలయం తానుగా సేకరించే అంకెలు కొన్నే. తక్కినవాటి కోసం ఏటా నమూనా పట్టికలను ఆయా శాఖలకు పంపి, నింపించి, గత సంవత్సరపు అంకెలతో పోల్చి, తేడా కనిపించినచోట వివరణ అడగవలసి ఉంటుంది. చూడటానికి ఇది గుమాస్తా పనిలా ఉన్నా, కరవు మండలాల ఎంపిక, పంటల బీమా, కాలువ నీటి పంపకం వంటి నిర్ణయాలు ఇటువంటి అంకెల మీదనే ఆధారపడతాయి. కనుక లెక్కల పొత్తు ఎలా కుదిరిందన్నది పరిపాలనా చరిత్రలో పరిశీలించదగిన అంశం.

2. కరణం లెక్క: ఒకే మూలం

మద్రాసు ప్రెసిడెన్సీలోని రైత్వారీ గ్రామాల్లో లెక్కకు మూలం కరణం. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో, దానికి నీరు ఎక్కడిదో అతడు అడంగల్‌లో రాసేవాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అజమాయిషీ చేసేవాడు. గ్రామాల మొత్తాలు ఫిర్కాకు, అక్కడి నుంచి తాలూకాకు, చివరకు కలెక్టరు కచేరీకి చేరేవి. జమాబందీలో శిస్తు తేల్చడానికి ఉపయోగపడిన ఆ లెక్కే ప్రెసిడెన్సీ వార్షిక 'సీజన్ అండ్ క్రాప్ రిపోర్టు'కు ఆధారమయ్యేది.

ఈ ఏర్పాటులో శాఖల మధ్య వివాదానికి తావు తక్కువ. అంతమాత్రాన లెక్క సరైనదని చెప్పలేము. విస్తీర్ణం శిస్తు కోసం రాసినది. శిస్తును ప్రభావితం చేయని వివరం మీద శ్రద్ధ తక్కువగా ఉండేది. దిగుబడిని కంటి అంచనాతో, సాధారణ పంటలో ఎంత వంతు పండిందన్న లెక్కన నిర్ణయించేవారు. పైగా నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి వంటివి జమీందారీ తాలూకాలు. అక్కడ ప్రభుత్వానికి రైతుతో నేరుగా శిస్తు సంబంధం లేదు కనుక పొలం వారీ లెక్క రైత్వారీ గ్రామాల్లో ఉన్నంత గట్టిగా ఉండేది కాదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతనే ఆ గ్రామాలు ఒకే పద్ధతిలోకి రావడానికి వీలైంది.

జిల్లా హద్దులు కూడా స్థిరంగా లేవు. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904లో కృష్ణకు దక్షిణాన ఉన్న తాలూకాలకు నెల్లూరు జిల్లాలోని ఒంగోలు తాలూకాను చేర్చి మళ్లీ గుంటూరు జిల్లాను ఏర్పరచారు. అందువల్ల 'గుంటూరు జిల్లా' అన్న శీర్షిక కింద కనిపించే అంకెలు అన్ని కాలాల్లోనూ ఒకే నేలకు సంబంధించినవి కావు.

3. నమూనా పద్ధతి, కొత్త జిల్లా

1940లలో భారత వ్యవసాయ పరిశోధన మండలిలో పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే చేసిన కృషితో దిగుబడి అంచనాకు యాదృచ్ఛిక నమూనా పద్ధతి వచ్చింది. గ్రామాన్ని, పొలాన్ని, పొలంలోని చిన్న గడిని చీటీ పద్ధతిలా పక్షపాతం లేకుండా ఎంచి, అక్కడి పంటను కోసి తూస్తారు. వరికి ఇది ఒకనాటి పని. పత్తి, మిరప ఒక్కసారిగా చేతికి వచ్చే పంటలు కావు. ప్రతి తీతకూ, ప్రతి కోతకూ అదే గడి దగ్గరకు మళ్లీ వెళ్లి తూకం రాయాలి. ఒక్క కోత తప్పినా దిగుబడి తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ మైదానాల లెక్క వరి డెల్టా లెక్కకంటే కష్టం కావడానికి ఇది ఒక కారణం.

1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అద్దంకి, చీరాల, ఒంగోలు గుంటూరు నుంచి, కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. ఈ జిల్లాకు వెనుకటి లెక్కలు కావాలంటే మూడు జిల్లాల సంపుటాల నుంచి తాలూకా అంకెలను విడదీసి కూడుకోవలసిందే.

4. పదిహేడు నెలల్లో రెండు మార్పులు

1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కరణాలతో సహా పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య అధికారాన్ని తొలగించిన ఆ చర్యకు సామాజిక ప్రాధాన్యం ఎంతో ఉంది. గణాంకాల దృష్టితో చూస్తే మాత్రం, అడంగల్ రాసే చెయ్యి ఒక్కసారిగా మారిపోయింది. 1985 మేలో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. గుంటూరులో 57, ప్రకాశంలో 56 మండలాలు ఏర్పడ్డాయి. అంటే పదిహేడు నెలల్లో లెక్క రాసే మనిషీ మారాడు, లెక్క కూడే ప్రమాణమూ మారింది.

అదే కాలానికి వేరువేరు శాఖలు తమ సొంత లెక్కలతో బలపడ్డాయి. గుంటూరు కేంద్రంగా 1976లో పనిచేయడం మొదలుపెట్టిన పొగాకు బోర్డు వర్జీనియా పొగాకు రైతులను తానే నమోదు చేసుకునేది. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద నీటిపారుదల శాఖ ఆయకట్టును లెక్కించేది. రెవెన్యూ శాఖ వాస్తవంగా తడిసిన భూమిని రాసేది. ఈ రెండూ ఒకటి కావు. మార్కెట్ కమిటీ యార్డుకు వచ్చిన సరుకును లెక్కించేది. గుంటూరు మిర్చి యార్డుకు ఇతర జిల్లాల సరుకు కూడా వస్తుంది కనుక, యార్డు రాబడిని జిల్లా ఉత్పత్తిగా చదివితే తప్పు. పత్తి వ్యవసాయ శాఖ లెక్కలోనూ, మిరప ఉద్యాన శాఖ లెక్కలోనూ చేరిన తర్వాత పక్కపక్క చేల వివరాలే రెండు కార్యాలయాల నుంచి రావలసి వచ్చింది.

5. కాలం, కొలత, హద్దు

శాఖల అంకెలు పొసగకపోవడానికి ప్రతిసారీ నిర్లక్ష్యమే కారణం కాదు. మొదటిది కాలభేదం. ఫసలీ జూలైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. మార్కెట్ కమిటీది ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండే ఆర్థిక సంవత్సరం. పత్తి వ్యాపారపు సీజన్ అక్టోబరులో మొదలవుతుంది. వానకాలంలో నాటిన మిరప వేసవికి యార్డు చేరుతుంది; కొంత శీతల గిడ్డంగిలో ఉండి మరుసటి ఏడు అమ్ముడవుతుంది. ఒకే పంట రెండు ఆర్థిక సంవత్సరాల లెక్కలో పడుతుంది.

రెండవది కొలత. రైతు పత్తిని క్వింటాళ్లలో అమ్ముతాడు. అది గింజతో ఉన్న పత్తి. ప్రభుత్వ పట్టికలో ఉత్పత్తిని 170 కిలోల దూది బేళ్లలో చూపుతారు. గింజ తీసిన తర్వాత మిగిలే దూది దాదాపు మూడో వంతే. శీర్షికలో ఈ భేదం చెప్పకపోతే చదివేవారు పొరబడతారు.

మూడవది హద్దు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో గుంటూరు 18, పల్నాడు 28, బాపట్ల 25, ప్రకాశం 38 మండలాలతో మిగిలాయి. బాపట్ల జిల్లా పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల భాగాలతో ఏర్పడింది. ఫసలీ 1431 అప్పటికి ఇంకా ముగియలేదు. విత్తినప్పుడు ఒక జిల్లాలో ఉన్న పొలం లెక్కలు ముగిసేసరికి మరో జిల్లాలో ఉంది. మండల స్థాయి అంకెలు భద్రంగా ఉన్నచోటనే పాత వరుసను కొత్త హద్దులకు తిరిగి కూర్చడం సాధ్యం.

6. పట్టికలో కనిపించని సాగుదారు

ఈ వ్యత్యాసాల భారం చివరకు రైతు మీద పడుతుంది. 1987–88లో తెల్లదోమ తాకిడితో పత్తి దెబ్బతిని, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 1985లో మొదలైన సమగ్ర పంటల బీమా పథకం ఆహార ధాన్యాలకు, నూనెగింజలకు పరిమితం. పత్తి, మిరప వంటి వాణిజ్య పంటలు 1999–2000లో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా పథకంలో చేరాయి. ఆ బీమాలో పరిహారం ఒక్కో రైతు నష్టం మీద కాక, ప్రాంతపు సగటు దిగుబడి మీద ఆధారపడింది. అప్పటి నుంచి గడిలో తూచిన పత్తి, మిరప కేవలం పట్టికలోని అంకెలుగా మిగల్లేదు.

అయినా లోటు ఉంది. భూమి రికార్డు పట్టాదారు పేరుతో నడుస్తుంది. ఈ మైదానాల్లో పత్తి, మిరప సాగుచేసేవారిలో కౌలుదారులు ఎక్కువ. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం వారిని గుర్తించడానికి చేసిన ప్రయత్నాలు. 'ఈ-పంట' నమోదు ఎవరి పొలం అన్నదానితో పాటు ఎవరు సాగు చేస్తున్నారన్నదీ రాయడానికి అవకాశమిచ్చింది. పట్టికలు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయినా, సాగుదారు పేరు మూలంలోనే లేకపోతే ఆ సమన్వయం అసంపూర్ణమే.

7. ముగింపు

కరణం కాలంలో లెక్కకు ఏకత్వం ఉండేది. దానిని సరిచూసే రెండో లెక్క లేదు. తర్వాతి కాలంలో లెక్కలు అనేకమయ్యాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత గణాంక దర్శిని మీద పడింది. రెండు శాఖల అంకెలు తేడాగా ఉన్నప్పుడు ఒకదాన్ని కొట్టివేసి రెండోదాన్ని నిలపడం సులువు. ఆ తేడా కాలం వల్ల వచ్చిందా, కొలత వల్లనా, హద్దు వల్లనా, పొలానికి వెళ్లకుండా రాసినందువల్లనా అని విచారించి పట్టిక కింద చెప్పడం కష్టం. చరిత్రకారుడికీ, రైతుకీ ఉపయోగపడేది ఆ రెండో పని. పట్టిక అడుగున చేర్చే ఒక్క వివరణ వాక్యం, పై వరుసల్లోని అంకెలంత విలువైనదని ఈ రెండు జిల్లాల అనుభవం తెలుపుతున్నది.