అరవై క్యాండిల్ బల్బు

కరెంటు సామాన్ల కొట్టుకెళ్లి "అరవై క్యాండిల్ బల్బొకటి ఇవ్వండి" అని అడగడం మొన్నమొన్నటిదాకా తెలుగు ఊళ్లలో మామూలే. కొట్టతను పల్చటి అట్టపెట్టెలోంచి బల్బు తీసి, హోల్డర్లో నొక్కి తిప్పి, వెలిగించి చూపించి మరీ చేతికిచ్చేవాడు. బల్బు నెత్తిన మాత్రం 60 వాట్లు అని ఉండేది. మరి క్యాండిల్ ఎక్కడిది?

తిమింగలం తలలోంచి వచ్చింది. 1860లో బ్రిటన్ గ్యాసు చట్టం వెలుగుకు ఒక కొలత పెట్టింది. తిమింగలం తలలో దొరికే మైనంతో చేసిన, పౌనులో ఆరో వంతు బరువుండే కొవ్వొత్తి అది. గంటకు 120 గ్రెయిన్లు, అంటే 8 గ్రాములకు కాస్త తక్కువ కరగాలి. దాని వెలుగే ఒక క్యాండిల్. ఎడిసన్ కాలపు కార్బన్ తీగ బల్బులనూ ఆ లెక్కనే అమ్మారు. 16 క్యాండిళ్ల బల్బు అప్పట్లో ఇళ్లకు సరిపడా దీపం.

20వ శతాబ్దం మొదట్లో టంగ్‌స్టన్ తీగ వచ్చింది. అంతే కరెంటుకు అంతకు రెండు మూడు రెట్లు వెలుగు. క్రమంగా బల్బు మీద వాట్లు రాయడం మొదలైంది. వాట్లు చెప్పేది బల్బు ఎంత కరెంటు తాగుతుందో గాని, ఎంత వెలుగిస్తుందో కాదు. మనవాళ్లు అంకె వాట్లది తీసుకుని, పేరు క్యాండిల్‌దే ఉంచేశారు. ఇళ్లలో తీగ బల్బులే ఉన్నన్నాళ్లూ దానివల్ల చిక్కేమీ రాలేదు.

జీరో బల్బు కథా ఇలాంటిదే. రాత్రంతా వెలిగే ఆ చిన్న బల్బు 12 నుంచి 15 వాట్లు తీసుకునేది. పాత మీటరు చక్రం ఆ కాస్తకి కదిలేది కాదంటారు. అందుకే అది జీరో అయింది.

వాట్ల లెక్క పూర్తిగా తప్పింది ఎల్‌ఈడీతో. 2014లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 10 రూపాయలకే ఇంటింటికీ చేరాయి. 2015 జనవరిలో దేశవ్యాప్త పథకం మొదలైంది. 2014 మొదట్లో 310 రూపాయలున్న బల్బు టోకు కొనుగోలు ధర 2016లో 38కి దిగింది. ఏడు వాట్ల బల్బు అరవై క్యాండిల్ పని చేస్తుంటే ఇక వాట్లను చూసి వెలుగును అంచనా కట్టేదెలా?

అందుకు పెట్టె మీద ల్యూమెన్లు చూడాలి. 700 దాటితే పాత అరవై క్యాండిల్ వెలుగు వచ్చినట్టే. పక్కనే కె అక్షరంతో ఉండే అంకె వెలుగు రంగుది. పడగ్గదిలో ఆ పాత పసుపు వెలుగే కావాలంటే 2700, వంటింట్లో బియ్యంలో రాళ్లేరుకోవాలంటే 6500.