న్యూట్రోఫిల్ ఆక్సిడేజ్ క్రియాశీలత

న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణంలో సూక్ష్మజీవులను చంపడానికి తోడ్పడే ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ ఎంజైమ్ మామూలు వేళల్లో విడి భాగాలుగానే ఉంటుంది: రెండు ప్రోటీన్లు పొరలో, పీ47, పీ67, పీ40 కణద్రవంలో. బ్యాక్టీరియా తగలగానే ప్రోటీన్ కైనేజ్-సి వంటి ఎంజైములు పీ47కు ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. అంతదాకా ముడుచుకుని ఉన్న పీ47 విచ్చుకుని, తోటివాటిని వెంటబెట్టుకుని పొరను చేరుతుంది. ర్యాక్2 అనే మరో ప్రోటీన్ కూడా వచ్చి కలిస్తేనే ఆక్సిజన్ సూపరాక్సైడుగా మారుతుంది. ఇన్ని తాళాలెందుకంటే, ఈ విషానికి స్వపర భేదం లేదు మరి. కీలక భాగం ఒక్కటి లోపించినా ఎంజైమ్ మూగబోతుందనడానికి దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధే సాక్ష్యం: రోగి కణాలను ఉత్తేజపరిచి సూపరాక్సైడ్ తగిలితే నీలంగా మారే పసుపు రంగు ఎన్‌బీటీ కలిపినా నీలం తేలదు.

అసలు హంతకి సూపరాక్సైడ్ కాదనీ, దాని వెంట, సూక్ష్మజీవిని మింగిన సంచిలోకి వచ్చే పొటాషియం విడిపించే ఎలాస్టేజ్, కెథెప్సిన్-జి అనే ప్రోటియేజులేననీ 2002లో లండన్ పరిశోధకులు వాదించారు. వాదనలో పస ఉంది. కానీ పాపియాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్‌లో కెథెప్సిన్-సి లోపం వల్ల ఆ ప్రోటియేజులు దాదాపు ఉండవు. అయినా ఆ రోగులకు ప్రధాన బాధ చిగుళ్లదీ, చర్మానిదీ. గ్రాన్యులోమా రోగులంత తీవ్రమైన ఇన్ఫెక్షన్లు సాధారణంగా రావు. ప్రోటియేజులే సర్వస్వమైతే ఈ తేడా ఉండకూడదు.