పత్రికలకు తలుపు మూయవచ్చునా?



ఒక ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు ఉందనుకోండి. క్లబ్బు యజమాని తీరు మీద అభిమానులకు కోపం వచ్చింది. ఆ సంగతి స్థానిక పత్రిక రాసింది. మరుసటి ఆటకు ఆ పత్రిక విలేకరి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. "మీ పత్రికకు ఇక లోపలికి అనుమతి లేదు" అన్నారు. క్లబ్బు చేసింది సబబేనా? ఈ పూట మనం మాట్లాడుకోబోయేది ఈ సంగతే.

ఇంగ్లండులో ఇలాంటిది నిజంగానే జరిగింది. 2013 అక్టోబరులో న్యూకాసిల్ నగరంలో ఫుట్‌బాల్ అభిమానులు క్లబ్బు యజమానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. ఆ వార్తను క్రానికల్, జర్నల్, సండే సన్ అనే మూడు స్థానిక పత్రికలు రాశాయి. న్యూకాసిల్ యునైటెడ్ క్లబ్బు ఆ మూడింటి విలేకరులనూ నిషేధించింది. అంతకు ముందు మాంచెస్టర్ యునైటెడ్ శిక్షకుడు అలెక్స్ ఫెర్గూసన్, తన కొడుకు మీద వచ్చిన ఒక కార్యక్రమానికి కోపగించి, 2004 నుంచి 2011 దాకా బీబీసీతో మాట్లాడడమే మానేశాడు.

ఎక్కడో ఇంగ్లండులో జరిగినదానితో పాపిరెడ్డిపట్టిలో ఉన్న మనకేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. గిట్టని రాతకు తలుపు మూయడమనేది మన ప్రాంతానికి తెలియని విద్య కాదు. ఈ దేశంలో ఆ విద్య మొట్టమొదట న్యాయస్థానం మెట్లెక్కిన సందర్భాల్లో ఒకటి, మన జిల్లా ఏ రాష్ట్రంలో ఉండేదో ఆ రాష్ట్రానిదే.

1950 నాటి సంగతి. అప్పటికి ధర్మపురి వేరే జిల్లా కాలేదు. అది జరిగింది 1965లో. అప్పట్లో మన పాపిరెడ్డిపట్టి, అరూరు, బొమ్మిడి అన్నీ సేలం జిల్లాలోవే. ఆంధ్ర జిల్లాలూ మనమూ కలిసి మద్రాసు రాష్ట్రంగా ఉన్న రోజులవి. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. భావ ప్రకటన స్వేచ్ఛ పౌరుల ప్రాథమిక హక్కు అయింది. పదహారు రోజులు గడిచాయి. ఫిబ్రవరి 11న సేలం జైలులో కమ్యూనిస్టు ఖైదీల మీద కాల్పులు జరిగాయి. 22 మంది చనిపోయారు.

ఆ రోజుల్లో బొంబాయి నుంచి క్రాస్ రోడ్స్ అనే ఇంగ్లీషు వారపత్రిక వెలువడేది. దాని సంపాదకుడు రమేశ్ థాపర్. వామపక్ష పత్రిక కాబట్టి కాంగ్రెసు ప్రభుత్వాలను గట్టిగా విమర్శించేది. 1950 మార్చి 1న మద్రాసు ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. క్రాస్ రోడ్స్ పత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకూడదు, ఇక్కడ అమ్మకూడదు, పంచకూడదు అని దాని సారాంశం. రాజ్యాంగం వచ్చి అయిదు వారాలు కూడా నిండలేదు.

గమనించండి, ఆ పత్రికను అచ్చు వేయవద్దని ఎవరూ అనలేదు. బొంబాయిలో హాయిగా వేసుకోవచ్చు, మా పొలిమేర మాత్రం దాటవద్దు అన్నారు. క్లబ్బు కూడా ఇదే మాట అంటుంది. "నువ్వు రాసుకో, మాకు అభ్యంతరం లేదు, మా గేటు మాత్రం దాటకు" అంటుంది.

థాపర్ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1950 మే 26న తీర్పు వచ్చింది. అధిక సంఖ్యాకుల తరఫున జస్టిస్ పతంజలి శాస్త్రి తీర్పు రాశారు. భావ ప్రకటన స్వేచ్ఛలో ఆ భావాన్ని జనంలోకి పంపే స్వేచ్ఛ కూడా ఉంది, పంచే వీలు లేకపోతే అచ్చు వేసినందువల్ల ప్రయోజనం ఉండదు అన్నది అందులోని ముఖ్యమైన మాట. మద్రాసు ఉత్తర్వు చెల్లదని కొట్టివేశారు. జస్టిస్ ఫజల్ అలీ మాత్రం విభేదించారు. అదే రోజు అదే కోర్టు ఇంకో కేసులో కూడా తీర్పు చెప్పింది. అది ఢిల్లీలో ఆర్గనైజర్ పత్రిక మీద పెట్టిన ముందస్తు సెన్సారు కేసు. ఆర్గనైజర్ క్రాస్ రోడ్స్‌కు పూర్తిగా ఎదురు పక్షం. ఒకటి ఎడమ, ఒకటి కుడి. రెండూ గెలిచాయి. నాకు నచ్చిన పత్రికకే స్వేచ్ఛ ఉండాలనుకునేవారు ఈ ఒక్క రోజును గుర్తు పెట్టుకుంటే చాలు.

ప్రభుత్వం ఊరుకోలేదు. మరుసటి ఏడాది, 1951లో, మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, శాంతి భద్రతల కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చునని చేర్చింది. అంటే స్వేచ్ఛకు హద్దులున్నాయి. అయితే ఆ హద్దు సహేతుకమా కాదా అన్నది కోపం వచ్చినవాడు తేల్చేది కాదు, న్యాయస్థానం తేల్చేది.

తెలుగువారి శాసనసభల్లోనూ ఇలాంటి పేచీ వచ్చింది. 1983 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలో పెద్ద గొడవ జరిగింది. ఈనాడు పత్రిక ఆ వార్తకు "పెద్దల గలభా" అని శీర్షిక పెట్టింది. గలభా అనే మాట మండలి గౌరవానికి భంగమని సభ్యులు ఆగ్రహించారు. సంపాదకుడు రామోజీరావును పట్టుకొచ్చి సభ ముందు నిలబెట్టాలని 1984లో ఆదేశం వెలువడింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. సభ మాట చెల్లాలా, కోర్టు మాట చెల్లాలా అనే దాకా వెళ్లి, చివరికి సభ వాయిదాతో చల్లబడింది. ఆ రోజు మండలిలో ఏ విషయం మీద కేకలు వేసుకున్నారో ఇవాళ ఎంతమందికి గుర్తుంది? గలభా అన్న మాట మాత్రం మిగిలిపోయింది.

తమిళనాడు శాసనసభ 1987లో ఆనంద వికటన్ సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కు ఒక అట్ట బొమ్మ కారణంగా మూడు నెలల జైలు వేసింది. జనం గగ్గోలు పెడితే కొద్ది రోజుల్లోనే వదిలిపెట్టారు. 2003 నవంబరు 7న హిందూ పత్రిక వారికీ, ఆ సంపాదకీయాన్ని ప్రచురించిన మురసొలి సంపాదకుడికీ పదిహేను రోజుల శిక్ష వేశారు. మూడో రోజున సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ప్రతిసారీ అచ్చులో వచ్చిన మాట కన్నా, ఆ మాట మీద చూపిన కోపమే ఎక్కువ దూరం పోయింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ క్లబ్బు తరఫు వాదన కూడా వినాలి. "ప్రభుత్వం వేరు, మేము వేరు. రాజ్యాంగం ప్రభుత్వాన్ని కట్టేస్తుంది కానీ సొంత సొమ్ముతో నడిపే క్లబ్బును కాదు. మా ఇంటికి ఎవరిని పిలవాలో మా ఇష్టం. పైగా విలేకరులు అబద్ధాలు కూడా రాస్తారు." ఈ మాటల్లో కొంత నిజం ఉంది, కాదనను. అబద్ధం రాసే విలేకరి ఉన్నాడు. రహస్యంగా చెప్పినదాన్ని బయటపెట్టేవాడు ఉన్నాడు. అనుమతి లేని గదిలోకి చొరబడేవాడు ఉన్నాడు. అలాంటివాడిని, ఆ ఒక్కడిని, ఆ పనికి గాను బయటికి పంపితే తప్పు పట్టలేం.

కానీ క్లబ్బు నిజంగా ఇల్లేనా? ఇంట్లోకి టిక్కెట్టు కొని ఎవరూ రారు. క్లబ్బు సంత లాంటిది. సంత స్థలం ఒకరిదే కావచ్చు, కానీ వచ్చేది ఊరంతా. తూకం తక్కువగా ఉందని చెప్పినవాడిని రేపటి నుంచి సంతకు రావద్దంటే, తూకం సరిపోతుందా? మన దేశంలో క్రికెట్ బోర్డు విషయంలో సుప్రీంకోర్టు 2015లో ఇలాంటి మాటే అంది. బోర్డు ప్రభుత్వం కాకపోయినా, చేసేది ప్రజలకు సంబంధించిన పని కాబట్టి హైకోర్టుకు జవాబు చెప్పుకోవలసిందే అంది. 1995లో క్రికెట్ ప్రసారాల కేసులో, గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని అదే కోర్టు చెప్పింది. ఇప్పుడు మీరు వింటున్న ఈ మాట కూడా ఆ ఆస్తి మీదనే వస్తోంది.

ఇంకో సంగతి. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది ఏ జట్టో తెలుసా? మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఎదిగిన జట్టు. మన దేశానికి అప్పటికి టెలివిజన్ రాలేదు. విలేకరులు మైదానం అంచున కూర్చుని రాసిన వార్తల వల్లనే ఆ ఘనత మన దాకా వచ్చింది. ఓడిన రోజు విలేకరికి గేటు మూసే క్లబ్బుకు, గెలిచిన రోజు చెప్పేవాడు కూడా ఉండడు. మెచ్చుకోవడానికి మాత్రమే లోపలికి రానిచ్చిన విలేకరి మెప్పును ఎవరు నమ్ముతారు?

ఇది ఆటతో ముగిసే సంగతి అయితే నేను ఇంతగా చెప్పనక్కర్లేదు. మనకు దగ్గరలోనే, అరూరు వైపు సిత్తేరి కొండల అడుగున వాచాత్తి ఉంది. 1992 జూన్ 20న గంధపు చెక్క కోసమంటూ అటవీ, పోలీసు, రెవిన్యూ సిబ్బంది ఆ ఊరి మీద పడ్డారు. ఇళ్లు ధ్వంసం చేశారు. పద్దెనిమిది మంది ఆడవాళ్ల మీద అత్యాచారం జరిగింది. ఊరివాళ్లనే జైలుకు పంపారు. విలేకరులు రావద్దని అక్కడ ఎవరూ బోర్డు కట్టలేదు. చూసేవాడు లేకపోవడమే చాలింది. జరిగినది బయటి లోకానికి తెలియడానికి వారాలు పట్టింది. అలాంటిదేమీ జరగలేదని మొదట అధికారులు బుకాయించారు. ఆ తర్వాత కొండవాసుల సంఘం, పత్రికలు, కోర్టు, సీబీఐ ఒకదాని వెంట ఒకటి కదిలాయి. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు, నిందితులు 269 మందిలో అప్పటికి బతికి ఉన్న 215 మందినీ దోషులని తేల్చింది. 2023లో మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. న్యాయం వచ్చింది, కానీ ముప్పై ఏళ్లు దాటాక వచ్చింది.

ఫుట్‌బాల్ గేటూ వాచాత్తీ ఒకటేనని నేను అనడం లేదు. ఒకటి ఆట, ఒకటి మనుషుల బతుకు. కానీ అలవాటు చిన్న చోటనే మొదలవుతుంది. క్లబ్బు గిట్టని విలేకరిని ఆపితే మనం నవ్వి ఊరుకుంటాం. రేపు పంచాయతీ ఆఫీసు ఆపుతుంది, ఎల్లుండి ఆసుపత్రి ఆపుతుంది. అప్పటికి మనకు అది మామూలు అయిపోయి ఉంటుంది.

కాబట్టి నా మనవి ఇది. విలేకరి ప్రవర్తన తప్పయితే ఆ ఒక్కడిని ఆపండి, కారణం రాసి ఇవ్వండి. రాత తప్పయితే ఖండన పంపండి. వేయకపోతే ప్రెస్ కౌన్సిల్ ఉంది. పరువు పోయిందనుకుంటే కోర్టు ఉంది. రాత చేదుగా ఉందనే కారణానికి మాత్రం తలుపు మూయకండి. ఇక పత్రిక చదివే మనకూ ఒక బాధ్యత ఉంది. మనకు నచ్చని పత్రికను గేటు దగ్గర ఆపినప్పుడు కూడా అది తప్పే అనగలగాలి. 1950 మే 26న సుప్రీంకోర్టు చేసింది ఆ పనే.