మోటారు బండిలో చల్లగాలి

వైశాఖమాసపు మధ్యాహ్నమున మొగుళ్లపల్లి నుండి పరకాల మీదుగా వరంగల్లు ఆసుపత్రికి ఒక బాడుగ కారు బయలుదేరినదనుకొందము. వెనుక సీటులో నెలలు నిండిన స్త్రీ, ప్రక్కన ఆమె తల్లి. బాట వెంట సాగునంతసేపు గాలి చల్లగనే వచ్చుచుండెను. పరకాల బజారులో బండి ఆగినంతనే అది వెచ్చబడెను. బజారు దాటి వేగమందుకొనగనే మరల చల్లబడెను. "గ్యాసు అయిపోయిందమ్మా, నింపించాలె" అని డ్రైవరు చెప్పును. వేసవి వచ్చినదన్న మన పల్లెలలో తరచు వినవచ్చు మాట ఇది. ఈ మాటలో నిజమెంతయో తేల్చుటకు ఆ యంత్రము పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను.

మన పెద్దలు చల్లదనమునకు నీటినే నమ్మిరి. వాకిళ్లకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చిలుకరించెడివారు. నీరు ఆవిరియగుచు వేడిని తనతో గొనిపోవును. 1932లో నిజాము రైల్వేవారు 27 బండ్లతో, 166 మంది సిబ్బందితో బస్సులు నడప నారంభించినపుడు ప్రయాణీకులకు చల్లదనమన్న కిటికీ గాలియే. 1934లో ఫ్రాంటియర్ మెయిలు పెట్టెలను మంచుగడ్డలతో చల్లబరచిరి. అది సంపన్నుల మాట.

కారులోని యంత్రము చేయుపని తడిక చేయుపనికి దూరము కాదు. నీటికి బదులు మిక్కిలి తక్కువ వేడిమికే మరుగు ద్రవమొకటి కూలింగు కాయిలులో ఆవిరియై, లోపలి వేడిని పీల్చుకొనును. తడికనుండి ఆవిరి ఆకాశమున కలిసిపోవును. ఇచ్చట మాత్రము కంప్రెసరు దానిని పట్టి అదిమి, ముందుభాగమున రేడియేటరు నెదుట నున్న కండెన్సరునకు పంపును. అచ్చట బయటిగాలికి వేడి విడిచి అది మరల ద్రవమగును. పెట్రోలు వలె ఖర్చగునది కాదు. అదే గ్యాసు మరల మరల తిరుగుచుండును.

తొలినాళ్ల శీతల యంత్రములలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు వంటి విషవాయువులుండెడివి. వానిని మూసిన కారులో నుంచుట యెట్లు? 1928లో జనరల్ మోటార్సు పక్షమున థామస్ మిడ్జిలీ మొదలగువారు విషము కానిది, మండనిది అయిన వాయుజాతిని కనుగొనిరి. 1930లో ఆయన పండితుల సభలో దానిని పీల్చి, ఊదిన ఊపిరితో కొవ్వొత్తి నార్పి చూపెను. 1939 చివర ప్యాకార్డు కంపెనీ చల్లగాలి కారును ప్రదర్శించినది. వెల అదనముగా 274 డాలర్లు. చలివేసినచో డ్రైవరు దిగి, ఇంజను నాపి, మూత యెత్తి, కంప్రెసరు బెల్టును ఊడదీయవలెను! ఇంతటి సుఖము ఎవరికి కావలెను? రెండు మూడేండ్లకే దానిని మానుకొనిరి.

తరువాత విద్యుదయస్కాంతపు క్లచ్చి వచ్చినది. మీట నొక్కగనే ముందు 'టక్' మను చప్పుడు కొరకు మెకానిక్కు చెవియొగ్గుట అందులకే. 1954లో నాష్ కంపెనీ సామగ్రినంతను కారు ముందుభాగమునకే చేర్చినది. నాటినుండి కండెన్సరునకు ఎదురుగాలియే ప్రాణమైనది. బండి సాగునపుడు ఆ గాలి దానంతట వచ్చును. ఆగినపుడు ఫ్యాను తేవలెను.

పరకాల బజారులోని చిక్కు ఇదియే. గ్యాసు తరిగినచో బండి సాగునపుడును చల్లదనము కొరవడును. ఆగినపుడే వెచ్చబడి, సాగగనే చల్లబడినచో మొదట ఫ్యానును, దాని ఫ్యూజును చూడవలెను. పిమ్మట కండెన్సరు రెక్కల నడుమ బాటదుమ్ము, పత్తి పీచు అడ్డుపడినదేమో చూచి, మెల్లని నీటిధారతో కడుగవలెను. గేజీలు తగిలించినచో గ్యాసు తక్కువైనపుడు రెండు ముళ్లును క్రిందనుండును. కండెన్సరు వేడి వదలనపుడు రెండును పైకెగబ్రాకును. బండి ఆపియుండగా చూచినచో లాభములేదు. 40 డిగ్రీల వేడిమిలో 134ఏ గ్యాసు నిండుగ నున్నను, కొంచెముగ నున్నను ముల్లు సుమారు 130 పౌన్ల వద్దనే నిలుచును.

నిజముగ గ్యాసు తరిగినచో అది ఎచ్చటనో కారినదన్నమాట. గొట్టముల అతుకులయందు నూనె మరక కనబడును. సబ్బునురుగు పూసిన బుడగలెత్తును. పాత గొట్టములనుండి ఏండ్ల తరబడి కొంత ఊరిపోవుట సహజమే. అయినను కారుచోటు వెదకక ఏటేట నింపుట మేము మెచ్చము. ఒక పూట బాడుగ పోవునని డ్రైవరు తొందరపడుట మాకు తెలియును. కాని మరుసటి వేసవికి అతడే మరల డబ్బు చెల్లించును.

కారిన గ్యాసు ఎచ్చటికి పోవును? మిడ్జిలీ గ్యాసు ఓజోను పొరను తినివేయునని 1974లో మోలినా, రోలండు హెచ్చరించిరి. 1985లో అంటార్కిటికాపై ఆ పొర పలుచబడుట ప్రకటితమైనది. 1987లో మాంట్రియలు ఒప్పందము కుదిరినది. 1992లో భారతదేశము అందు చేరినది. ఆర్-12 పోయి 134ఏ వచ్చినది. ఇది ఓజోనునకు హానిచేయదు గాని, భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువును వెయ్యిరెట్లకు మించును. 2016 అక్టోబరు 11న మొగుళ్లపల్లి మండలము భూపాలపల్లి కేంద్రముగ నేర్పడిన కొత్త జిల్లాలో చేరినది. నాలుగు దినములకే కిగాలీ నగరమున దేశములు కూడి ఇట్టి గ్యాసులను తగ్గింప నిశ్చయించినవి.

అందుచేత గ్యాసు నింపించుటకు ముందు ఏ గ్యాసో అడుగవలెను. ఆర్-12 కు వాడిన ఖనిజపు నూనె 134ఏ తో కలియదు. కంప్రెసరు ఎండి పట్టివేయును. వంటగ్యాసు నింపి చల్లదనము తెప్పించెదమనువారి మాట అసలు వినరాదు. అతుకొకటి వదిలినచో అది మనుష్యులు కూర్చున్న చోటికే వచ్చును, నిప్పురవ్వ చాలును.

ఆసుపత్రి వాకిట కారు నిలిపినపుడు క్రింద నీటిబొట్లు రాలుచుండును. తల్లి అది చూచి ఏదో పగిలినదని భయపడును. అది లోపలి గాలిలోని తేమయే. కూలింగు కాయిలుపై చెమర్చి గొట్టమువెంట దిగుచున్నది.