చీటీల్లో లేని ప్రశ్నలు

రండర్రా, కుంపటి చుట్టూ చేరండి. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక. అమ్మడూ, పట్టులంగా అంచు చూసుకో, నిప్పుకి మరీ దగ్గరగా జరక్కు. మన కోనసీమలో అయితే భోగినాడు తెల్లవారకముందే వీధి మధ్య దుంగలు పేర్చి, తాటాకులేసి, ఇంటి ఎత్తున మంట లేపేవాళ్ళం. బహ్రెయిన్‌లో, మన అద్లియాలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, అంత మంట ఇక్కడ కుదరదు. మన పెరట్లో ఈ బొగ్గుల కుంపటే భోగి మంట. సాయంత్రం మీ చెల్లి తలమీద పోసిన భోగిపళ్ళు కూడా ఇక్కడివాళ్ళు కనార్ అని పిలిచే రేగిపళ్ళేగా! పండక్కి ఏ లోటూ రాలేదు.

ఇందాక మీరు చీటీలు తీసి ఆడిన ఆటంతా వరండాలో కూర్చుని విన్నాను. మాయాబజార్ ఎప్పుడొచ్చిందంటే 1957 అని టక్కున చెప్పారు. నాటు నాటు పాటకి ఆస్కార్ వచ్చింది 2023 మార్చిలో అన్నారు, సంగీతం కీరవాణి, రచన చంద్రబోస్ అన్నారు. ఆ పాట చిత్రీకరించింది ఉక్రెయిన్‌లో, కీవ్ నగరంలోని మరియిన్‌స్కీ భవనం ముందని కూడా చెప్పారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో అని చెప్పింది ఈ బుడ్డోడే కదూ? నా ప్రాణం లేచొచ్చింది. ఆట అయ్యాక డబ్బాలో చీటీలన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాను. ఒక్కదాంట్లోనూ బహ్రెయిన్ పేరు లేదు. మీలో సగం మంది పుట్టింది ఈ దేశంలో, చదువుతున్నదీ ఇక్కడే. అందుకే మిమ్మల్ని పిలిచాను. ముందు మా రోజుల ముచ్చట చెబుతాను, తర్వాత నా మాట చెబుతాను.

నేను 1982లో వచ్చాను, ఏసీ మెకానిక్ పనికి. గుదైబియాలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒకాయన కరీంనగర్, ఒకాయన కడప, నేను అమలాపురం దగ్గర, ఇంకొకాయన మలయాళీ. మా తెలుగు ముగ్గురిదీ మూడు రకాలు. మొదట్లో ఒకరి మాట ఒకరికి సరిగ్గా అందేది కాదు. మమ్మల్ని కలిపింది ఒక టూ-ఇన్-వన్, శంకరాభరణం క్యాసెట్టు. ఆ సినిమా 1980 ఫిబ్రవరి 2న వచ్చింది. శంకరశాస్త్రి వేషం వేసిన సోమయాజులు గారు అప్పటికి డిప్యూటీ కలెక్టరు. పాడిన బాలసుబ్రహ్మణ్యం గారు శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకున్నవారు కారు. అయినా ఆ పాటలకి జాతీయ అవార్డు అందుకున్నారు. వాణీ జయరాంకీ వచ్చింది, సంగీతం చేసిన మహదేవన్ గారికీ వచ్చింది. ఆ మలయాళీ ఆయనకి మన భాష ఒక్క ముక్క రాదు, కానీ పాట మొదలవగానే పని ఆపేసి వినేవాడు. 2023లో అదే ఫిబ్రవరి 2న ఆ సినిమా తీసిన విశ్వనాథ్ గారు వెళ్ళిపోయారు. 4న వాణీ జయరాం కూడా వెళ్ళిపోయారు. ఆ వారం కరీంనగర్ ఆయన ఊరి నుంచి ఫోన్ చేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాడు.

క్యాసెట్ అంటే మీకు బొమ్మలో చూసిన వస్తువు. మాకు అది ఉత్తరం కూడా. 60 నిమిషాల క్యాసెట్ అయితే అటు 30, ఇటు 30. ఒకవైపు పాటలు ఎక్కించి, రెండోవైపు ఖాళీగా వదిలి, సెలవు మీద ఊరెళ్ళే మనిషి చేతికిచ్చేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు ఆ ఖాళీ వైపు మా అమ్మ గొంతు ఉండేది. కొబ్బరి ధర, గేదె ఈనిన సంగతి, ఎవరింట్లో పెళ్ళి, వెనకాల కోడి కూత, అన్నీ వినిపించేవి. క్యాసెట్ వీపు మీద, రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. అవి విరగ్గొడితే దాని మీద మళ్ళీ రికార్డు అవదు. మా అమ్మ మాటలున్న వైపు ముక్కని గోటితో విరిచేశాను, ఎవరూ పొరపాటున చెరపకుండా. టేపు వదులైతే పళ్ళ చక్రంలో పెన్సిల్ దూర్చి, మెల్లగా తిప్పి బిగించేవాణ్ణి. అది ఇప్పటికీ మీ నాయనమ్మ బీరువాలో ఉంది.

టీవీ సంగతి మరో ముచ్చట. బహ్రెయిన్ టీవీ 55వ ఛానెల్లో ఇంగ్లీషు కార్యక్రమాలు వచ్చేవి. సముద్రం అవతల, దహ్రాన్‌లో ఆరాంకో చమురు కంపెనీ 1957 నుంచే తన సొంత టీవీ నడిపింది. దాని ప్రసారం కూడా ఇక్కడ అందేది. గాలిలో తేమ బాగా పట్టిన రాత్రుల్లో ఇంకా దూరపు స్టేషన్లు దొరికేవి. సముద్రం మీద చల్లగాలి, దానిపైన వేడిగాలి పొరలుగా నిలిస్తే, పైకి పోవాల్సిన తరంగాలు ఆ పొరల మధ్య ఇరుక్కుని నీళ్ళ మీదుగా చాలా దూరం సాగి వస్తాయి. క్రికెట్ రోజుల్లో మాకు అదే ఆధారం. ఒకడు మేడ మీద యాంటెన్నా గొట్టం పట్టుకుని తిప్పుతుంటే, కింద కిటికీలోంచి ఇంకొకడు “కొంచెం ఎడమకి... ఆగు, ఆగు!” అని అరిచేవాడు. బొమ్మ కుదిరాక పైనున్నవాడు కిందికి రాకూడదు. వాడికి స్కోరు కేకేసి చెప్పేవాళ్ళం.

1983 ప్రపంచ కప్పు ఫైనల్ జూన్ 25న, లార్డ్స్ మైదానంలో. మనవాళ్ళు 183, వెస్టిండీస్ 140. అది మీకందరికీ తెలుసు. మరి భారతదేశం తన మొట్టమొదటి టెస్ట్ మ్యాచ్ మొదలుపెట్టింది కూడా జూన్ 25నే, అదే లార్డ్స్‌లోనే అని తెలుసా? 1932లో. ఆ జట్టు కెప్టెన్ సి.కె.నాయుడు గారు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. ఇంకొకటి చెప్పనా? ఆ కప్పులోనే జూన్ 18న జింబాబ్వే మీద మనం 17 పరుగులకి 5 వికెట్లు పోగొట్టుకున్నాం. అప్పటికే క్రీజులో ఉన్న కపిల్‌దేవ్ 175 కొట్టి, చివరిదాకా నాటౌట్‌గా నిలబడ్డాడు. ఆ ఆటకి వీడియో లేదు. మీరు ఎంత వెతికినా దొరకదు. చూసినవాళ్ళు చెప్పాలి, విన్నవాళ్ళు గుర్తుంచుకోవాలి, అంతే.

1986 ఏప్రిల్ 18న షార్జాలో చేతన్ శర్మ వేసిన ఆఖరి బంతిని మియాందాద్ సిక్స్ కొట్టాడు. పాకిస్తాన్‌కి కావలసింది నాలుగే. ఆ రాత్రి మా గదిలో ఎవరూ అన్నం ముట్టలేదు. కింద టీ కొట్టు ఆయన పెషావర్ మనిషి. మర్నాడు పొద్దున మాకు టీ పోసి, డబ్బులు తీసుకోకుండా భుజం తట్టి పంపాడు. మ్యాచ్ గురించి ఒక్క మాట అనలేదు. పరదేశంలో ఆట నాకు నేర్పిన మొదటి మర్యాద అది.

ఇక నా అసలు మాటకి వస్తున్నాను. మాయాబజార్ విడుదలైన రోజు మార్చి 27. అదే మార్చి 27న, 1970లో, ఈ ద్వీపంలో మొట్టమొదటి గల్ఫ్ కప్ ఫుట్‌బాల్ మొదలైంది. ఆడింది నాలుగు జట్లు: బహ్రెయిన్, కువైట్, ఖతార్, సౌదీ. కప్పు కువైట్ తీసుకుపోయింది. సొంత ఇంట్లో పెట్టిన పోటీ కప్పు ఈ దేశం చేతికి రావడానికి 2019 డిసెంబర్ దాకా పట్టింది. దోహాలో సౌదీని 1-0తో ఓడించి తెచ్చుకున్నారు. ఆ రాత్రి రోడ్ల మీద ఎర్రజెండాలు కట్టుకుని తిరిగిన కార్లు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండాలి. 2025 జనవరిలో ఒమన్ మీద గెలిచి మళ్ళీ తెచ్చుకున్నారు.

దానికి ముందు ఎంత దుఃఖం పడ్డారో కూడా తెలియాలి. 2005 నవంబర్‌లో ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ప్రపంచ కప్పుకి వెళ్ళేవాళ్ళు. ట్రినిడాడ్ వాళ్ళు ఇక్కడికే వచ్చి 1-0తో గెలిచి వెళ్ళారు. 2009లో మళ్ళీ అంచుదాకా వెళ్ళి, వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ చేతిలో 1-0తో ఓడారు. దొరికిన పెనాల్టీ కూడా గోల్ కాలేదు.

ఇప్పుడు 2019 జనవరి 14 చెబుతాను. ఇలాంటి సంక్రాంతి రోజులే. ఆసియా కప్పు ఫుట్‌బాల్, షార్జాలో, బహ్రెయిన్‌తో ఇండియా. మనకి డ్రా అయినా చాలు, తర్వాతి రౌండుకి వెళ్ళిపోతాం. అద్లియాలో ఒక కాఫీ షాపులో చూస్తున్నాం, నా పక్కన మా ఎదురింటి బహ్రెయినీ పెద్దాయన. 90 నిమిషాలు గోల్ లేదు. అదనపు సమయంలో పెనాల్టీ, జమాల్ రాషిద్ కొట్టాడు, మనం ఇంటికి. షాపంతా లేచి గంతులేస్తుంటే ఆ పెద్దాయన మాత్రం నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. “ఆఖరి నిమిషం దెబ్బ ఎలా ఉంటుందో మాకు తెలుసు భాయ్” అన్నాడు, హిందీలో. మర్నాడు పండగ పూట పళ్ళెం నిండా హల్వా పంపించాడు. మీ నాయనమ్మ అదే పళ్ళెంలో అరిసెలు పెట్టి పంపింది. ఆయనకి 2005 గుర్తుంది, అందుకే నా బాధ తెలిసింది. నాకూ 2005 తెలుసు కాబట్టే ఆయన మాట బరువు నాకు అందింది. మీరు చీటీల్లో రాసుకునే ఈ చిన్నచిన్న సంగతులకి అంత శక్తి ఉంది నాన్నా. మనిషికీ మనిషికీ మధ్య తలుపు తీస్తాయి.

ఆ పెద్దాయనకి హిందీ ఎలా వచ్చిందని అడగరేం? ముత్యాల వ్యాపారానికి వీళ్ళ పెద్దలు బొంబాయి వెళ్ళివచ్చేవాళ్ళు. ఇక్కడ 1965 దాకా చెల్లింది రూపాయే. మన రిజర్వు బ్యాంకు 1959 నుంచి గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు అచ్చువేసేది. ఆయన కుర్రతనంలో హిందీ సినిమా టిక్కెట్టు కొన్నది రూపాయలతోనే. తమ సొంత కథతో పూర్తి నిడివి సినిమా తీయడం వీళ్ళకి 1990లో కుదిరింది. పేరు అల్ హాజిజ్, దర్శకుడు బస్సామ్ అల్ తవాది.

పాటల సంగతికొస్తే, ముత్యాల కోసం నెలల తరబడి సముద్రం మీద ఉన్నవాళ్ళు పాడుకున్న ఫిజిరి పాటలు ఈ నేలవి. ముందు పాడే గాయకుణ్ణి నహ్హామ్ అంటారు. మిగతావాళ్ళు లోగొంతుతో వంత పలుకుతారు. డప్పులతో పాటు మట్టికుండల్ని చేత్తో కొట్టి తాళం వేస్తారు. ముహర్రఖ్‌లో ఒకసారి విన్నప్పుడు, గోదావరి మీద తెడ్లు వేస్తూ పడవవాళ్ళు పాడిన పాట విన్నట్టే అనిపించింది. 2021లో యునెస్కో ఫిజిరిని మానవాళి వారసత్వంలో చేర్చింది. ఆ ముహర్రఖ్ మనిషే అలీ బహర్. అల్ ఇఖ్వా బృందంతో గిటార్ పట్టి పాడేవాడు. బహ్రెయిన్ బాబ్ మార్లే అనేవాళ్ళు. 2011లో పోయాడు. ఇప్పటికీ పక్క కారులోంచి ఆయన గొంతు వినిపిస్తుంది. మైకేల్ జాక్సన్ 2005లో ఇక్కడికి వచ్చి రాజుగారి కుమారుడి అతిథిగా కొన్నాళ్ళున్నాడని మీకు తెలుసు. అలీ బహర్ పేరు కూడా తెలియాలి.

మల్లీశ్వరి పేరు చెప్పినప్పుడు రుఖయా అల్ ఘస్రా పేరు కూడా చెప్పండి. 2006 దోహా ఆసియా క్రీడల్లో తలకి వస్త్రం చుట్టుకుని, ఒళ్ళంతా కప్పుకుని 200 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచిన పిల్ల. కార్ల పందేల పిచ్చి ఉన్నవాళ్ళు చెప్పండి, మధ్యప్రాచ్యంలో మొదటి ఫార్ములా వన్ పందెం ఎక్కడ జరిగింది? ఇక్కడే, సఖీర్‌లో, 2004 ఏప్రిల్ 4న. గెలిచింది షూమాకర్. అక్కడ గెలిచినవాళ్ళు షాంపేన్ చల్లుకోరు. దానిమ్మ, పన్నీరు కలిపిన పానీయం చల్లుకుంటారు. 2020 నవంబర్ 29న అక్కడే డ్రైవరు గ్రోజాన్ కారు రెండు ముక్కలై అంటుకుంటే, మంటల్లోంచి తానే బయటికి దూకి బతికాడు.

మనం తెలుగు మరిచిపోకూడదు. మరిచిపోనివ్వను కూడా. మన సినిమా, మన పాట, మన ఆట మీకు కంఠతా ఉండాలి. కానీ నాకు అన్నం పెట్టింది, మీ నాన్నని చదివించింది ఈ నేల. దాని పాటా ఆటా తెలియకుండా ఇక్కడ పెరగడం మీకు నష్టం. వాళ్ళు మన సినిమాలు చూశారు, మన భాషలు నేర్చుకున్నారు. మనమూ అంత చెయ్యాలి.

అందుకని ఒక పని. రేపు పొద్దున ఎదురింటికి అరిసెలు పట్టుకెళ్ళేది మీరే. వెళ్ళి ఆ తాతగారిని మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకురండి. ఆయన చూసిన మొదటి సినిమా ఏది, ఏ హాల్లో? 1970 గల్ఫ్ కప్‌లో ఆయనకి గుర్తున్న ఆటగాడెవరు? వాళ్ళ ఇంట్లో ముత్యాల పడవ ఎక్కినవాళ్ళు ఏ పాట పాడేవాళ్ళు? మూడూ తెస్తే కనుమనాడు చీటీల ఆట మళ్ళీ పెడదాం. ఈసారి సగం చీటీలు బహ్రెయిన్‌వి. ఆయన్నీ, ఆయన మనవల్నీ కూడా రమ్మని చెప్పండి. మన ప్రశ్నలు వాళ్ళు చెప్పాలి, వాళ్ళ ప్రశ్నలు మీరు చెప్పాలి. ఎవరు గెలిస్తే వాళ్ళకి నా చేత్తో నేనే పూతరేకులు పెడతాను.