రోమన్ రీడ్ వెన్నుపాము గాయాల పరిశోధనా చట్టము

రోమన్ రీడ్ వెన్నుపాము గాయాల పరిశోధనా చట్టము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర శాసనసభ 1999లో ఆమోదించిన చట్టము. 1994లో కళాశాల జట్టు తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుచు మెడ ఎముక విరిగి పక్షవాతమునకు గురియైన రోమన్ రీడ్ పేరు దీనికి పెట్టబడినది. అతడును, ఉపాధ్యాయుడైన అతని తండ్రి డాన్ రీడ్‌యును పట్టు విడువక చేసిన విజ్ఞప్తుల ఫలితముగా శాసనసభ్యుడు జాన్ డుట్రా బిల్లు ప్రవేశపెట్టగా, గవర్నరు గ్రే డేవిస్ సంతకము చేసెను.

నిధి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ద్వారా పంపిణీ అయ్యెడిది. మొత్తము పెద్దది కాదు. అయినను 2001లో అమెరికా కేంద్ర ప్రభుత్వము పిండ మూలకణాల పరిశోధనకు ఇచ్చు ధనముపై పరిమితులు విధించిన పిమ్మట రాష్ట్ర సాయమునకు విలువ పెరిగినది. ఇర్విన్‌లో హాన్స్ కీర్‌స్టెడ్ బృందము కొంత ఈ నిధితోనే ప్రయోగము జరిపి 2005లో ఫలితములు ప్రకటించినది. పిండ మూలకణముల నుండి రూపొందించిన కణములను గాయమైన 7 రోజులకు ఎక్కించగా ఎలుకల నడక మెరుగుపడినది. 10 నెలల పాత గాయములున్న వాటిలో మార్పు రాలేదు. రోమన్ గాయము అప్పటికి పదేండ్ల నాటిది.

ఈ తరహా కణములతోనే జెరాన్ సంస్థ 2010లో మనుష్యులపై పరీక్ష ఆరంభించి, 2011లో ఆర్థిక కారణములచే నిలిపివేసినది. బడ్జెట్ కోతలలో చట్టపు నిధియు ఆగిపోయినది. ట్రాఫిక్ జరిమానాలపై అదనపు రుసుముతో దానిని పునరుద్ధరించుటకు 2011లో వచ్చిన బిల్లు నెగ్గలేదు.