చిట్టా నుంచి చార్టర్డ్ అకౌంటెన్సీ దాకా: చాందా గడ్డపై తెలుగు బిడ్డల లెక్కల చదువు

ఒక జాతి చరిత్రను మనం సాధారణంగా శిలాశాసనాలలోనూ, తామ్రపత్రాలలోనూ, కావ్యాలలోనూ వెదకుతాం. కాని ఆ జాతి నిత్యజీవితం దాగి ఉన్న చోటు మరొకటుంది. అది దుకాణాల చిట్టాలలో, ఊరి దస్తరాలలో, గనుల హాజరు పట్టీలలో ఉంది. ఎవరు ఎవరికి ఎంత బాకీపడ్డారు, ఎవరి చెమటకు ఎంత కూలి ముట్టింది అన్న సంగతులు ఆ పుటలకే తెలుసు. మన పాఠశాల డెబ్బై అయిదు వసంతాలు పూర్తి చేసుకొంటున్న ఈ శుభ సందర్భంలో, హైస్కూలు వయసులోనే లెక్కల వృత్తికి సిద్ధపడే సంప్రదాయం చాందా ప్రాంతపు తెలుగువారిలో ఎట్లా మొదలైంది, ఎట్లా మారింది అన్న విషయాన్ని పరిశీలించడం సముచితమని భావిస్తున్నాను. ఈ విద్యను బాల్యంలో నేర్చుకోవడం కొత్త సంగతి కాదు. అది ఎవరెవరికి అందింది అన్నదే చరిత్రలో మారుతూ వచ్చిన సంగతి.

మన నేల, మన నుడి

చాందా అని పిలువబడిన ఈ చంద్రపూర్ మండలం గోండు రాజుల ఏలుబడిలో వర్ధిల్లి, 1751లో నాగపూర్ భోంస్లేల వశమై, 1854లో ఆంగ్లేయుల పాలనలోకి వచ్చింది. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి సమీపాన ఉన్న సిరోంచ 1874లో ఈ జిల్లాలో చేరింది; 1982లో గడ్చిరోలి జిల్లా వేరుపడినప్పుడు ఆ జిల్లాకు పోయింది. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది. తొలుత నాందేడ్‌లో చేరి, 1959లో చంద్రపూర్‌కు వచ్చింది. కాబట్టి ఇక్కడి తెలుగువారందరూ పొట్ట చేతపట్టుకొని వలస వచ్చినవారు కారు. కొందరి విషయంలో మనుషులు కదలలేదు, సరిహద్దులే కదిలాయి.

ఈ మండలంలో 'వార్'తో ముగిసే ఇంటిపేర్లు విరివిగా వినిపిస్తాయి. అది మన 'వారు' అన్న గౌరవ బహువచనమే. చాందా నుంచి ఎదిగి 1962లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి పదవిని అధిష్ఠించిన మారోతరావు కన్నంవార్ పేరులోనూ ఆ ముద్ర కనిపిస్తుంది. వర్తకం చేసే కోమటి కుటుంబాలు అనేకం ఇక్కడ తరతరాలుగా స్థిరపడి, ఇంట తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడుతూ రెండు నుడుల లెక్కలకు వారధులై నిలిచాయి.

వీధిబడిలో లెక్క

తెలుగులో గణితానికి ప్రాచీనమైన పీఠం ఉంది. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలో అవతరింపజేశాడు. అయితే పండితుని గ్రంథానికీ పామరుని అవసరానికీ నడుమ నిలిచినది వీధిబడి. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో తెలుగు, కన్నడ బడుల తీరును వివరించాడు. అయిదో ఏట బడిలో చేరిన పిల్లవాడు ఇసుకలో అక్షరాలు దిద్ది, ఎక్కాలు వల్లించి, తరువాత రకరకాల దస్తూరీలలోని ఉత్తరాలను చదవడం, మామూలు లేఖలు, ఒడంబడికలు రాయడం నేర్చేవాడు. అంటే, పదిపన్నెండేళ్ళ బాలుడు కాగితం మీద నడిచే లోకవ్యవహారానికి సిద్ధపడేవాడన్నమాట.

వీసం, పావు, అర, ముప్పావు వంటి భిన్నాల ఎక్కాలను కంఠస్థం చేయించడంలో గొప్ప ప్రయోజనం ఉండేది. వీసమంటే పదహారో వంతు, రూపాయికి పదహారణాలు. అణాకు పన్నెండు పైల చొప్పున రూపాయికి 192 పైలు. ఈ లెక్కను నోటితో క్షణంలో తేల్చగలవాడే దుకాణంలో గుమాస్తా కాగలిగేవాడు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేవరకు ఈ నోటిలెక్కే వర్తకానికి ప్రాణం.

కాని అదే నివేదికలో మరొక సంగతి కూడా ఉంది. ఆ జిల్లాలోని 533 బడులలో చదివే 6,641 మందిలో ఆడపిల్లలు కేవలం 60 మంది. వీధిబడి తలుపు అందరికీ తెరిచి లేదు. కరణం కొడుకు కరణమయ్యేవాడు, షావుకారు కొడుకు గద్దె మీద కూర్చునేవాడు. మగ్గం నేసేవాని బిడ్డకు, పొలం దున్నేవాని బిడ్డకు ఆ కలం దూరంగానే ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య కరణాల వ్యవస్థ 1984లో గాని రద్దు కాలేదంటే, లెక్క రాసే హక్కు పుట్టుకతో ఎంత గట్టిగా ముడిపడి ఉండేదో ఊహించవచ్చు.

దుకాణపు గద్దె, రుణగ్రస్తుని వేలిముద్ర

దుకాణంలో శిక్షణ మాటలతో కాక చూపుతో సాగేది. పిల్లవాడు మొదట తూకం చూసేవాడు, పిదప చిట్టా రాసేవాడు, చేయి తిరిగిన తరువాతనే ఆవర్జా ముట్టేవాడు. ఏ రోజు వ్యవహారం ఆ రోజు రాసేది చిట్టా. మనిషి మనిషికీ విడదీసి ఎక్కించేది ఆవర్జా. మరాఠీ వర్తకులు వీటినే రోజ్‌కీర్ద్ అనీ, ఖతావణీ అనీ అంటారు. జమ, వసూలు, బాకీ, రశీదు, ఖాతా ఈ మాటలు ఉభయ భాషలకూ ఉమ్మడి సొత్తు. మనం నిత్యం వాడే 'బేరీజు వేయడం' అన్న పలుకుబడిలోని బేరీజు మరాఠీలో కూడిక అన్న అర్థంలో నేటికీ బడిపిల్లల నోట వినిపిస్తుంది. ఈ సరిహద్దు మండలంలో లెక్కల భాష తనంత తానే రెండు నుడుల సంగమమైంది.

ఈ చిత్రానికి రెండో పార్శ్వం బాధాకరమైనది. రాసేవాడు ఒకడు, వేలిముద్ర వేసేవాడు మరొకడు. అప్పు ఎంత, తీరినది ఎంత, మిగిలినది ఎంత అన్నది ఆవర్జా చెప్పినదే వేదం. ఈ అసమానతను గుర్తించిన ప్రభుత్వం 1934లో సెంట్రల్ ప్రావిన్సెస్ వడ్డీ వ్యాపారుల చట్టం చేసి, రుణదాత సక్రమంగా లెక్కలు ఉంచాలనీ, రుణగ్రస్తునికి లిఖితపూర్వకంగా లెక్క తెలియజేయాలనీ నిర్దేశించింది. చట్టం మంచిదే. కాని చేతికి వచ్చిన కాగితాన్ని చదవగలవారు ఇంట లేనప్పుడు ఆ చట్టం అక్కరకు రావడం ఎట్లా? ఆ కాగితాన్ని చదివి, కూడికలు సరిచూసి, వడ్డీని మళ్ళీ కట్టి చూడగల బడిపిల్ల ఒకరు ఇంట ఉంటే ఆ ఇంటి బలమే వేరు. లెక్కల చదువు ఉద్యోగానికే కాదు, ఆత్మరక్షణకు కూడా అని ఈ ప్రాంతపు పేదలకు ఇట్లా అనుభవంలోకి వచ్చింది.

గని, రైలు, కాగితపు మిల్లు

1871లో వరోరాలో బొగ్గుగని ఆరంభమైంది. 1929లో బల్లార్షా–కాజీపేట రైలుమార్గం పూర్తికావడంతో తెలంగాణ పల్లెలకూ చాందాకూ నడుమ దూరం తరిగిపోయింది. 1945లో బల్లార్‌పూర్ కాగితపు మిల్లు సంస్థ ఏర్పడింది. గనులకు, మిల్లుకు తెలుగు శ్రామికులు తరలి వచ్చారు. వారి వెంట కొత్త రకపు పుస్తకాలు వచ్చాయి: హాజరు పట్టీ, జీతాల పట్టీ, సరుకుల నిల్వ పుస్తకం. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం కోతలకు హద్దులు విధించింది. 1948లో బొగ్గుగని కార్మికుల భవిష్యనిధి చట్టం వచ్చింది. జీతపు చీటీలో ఒక్కొక్క గడికీ ఒక్కొక్క అర్థం ఏర్పడింది.

ఈ మార్పు మౌలికమైనది. గని ఆఫీసుకు షావుకారు కొడుకే కావాలన్న నియమం లేదు. మెట్రిక్ చదివి, చక్కని దస్తూరీ, తప్పులేని కూడిక ఉన్న యువకుడు చాలు. తట్టమోసిన తండ్రి కొడుకు అదే గనిలో టైమ్‌కీపరు కుర్చీలో కూర్చోగల మార్గం తెరుచుకొంది. ఆ మార్గం వీధిబడి గుండా పోలేదు, హైస్కూలు గుండా పోయింది. మాతృభాషా మాధ్యమం వల్ల తొలితరం విద్యార్థికి లెక్క అర్థమయ్యింది. 1967లో ఏర్పడిన బాలభారతి సంస్థ తెలుగులో కూడా పాఠ్యపుస్తకాలు వెలువరించడం మహారాష్ట్రలోని తెలుగు బడులకు పెద్ద ఆలంబన.

వృత్తిగా రూపొందిన లెక్క

జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్ నగరంలో లూకా పాచియోలీ ముద్రిత గ్రంథంలో వివరించాడు. ఆ పద్ధతి ఆంగ్లేయ కంపెనీల ద్వారా మన దేశంలో వ్యాపించింది. 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాల స్థాపితమైంది. 1918లో ప్రభుత్వ అకౌంటెన్సీ డిప్లొమా మొదలైంది. మద్రాసుకు చెందిన ఆర్. శివభోగం 1933లో ఆ డిప్లొమా సాధించి, ఈ వృత్తిలో తొలి భారతీయ మహిళగా నిలిచారు. క్యాంప్‌బెల్ లెక్కించిన ఆ అరవై మంది బాలికల నుంచి ఆమె వరకు నూటపదేళ్ళు పట్టింది.

చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద జాతీయ సంస్థ 1949 జూలై 1న ఆవిర్భవించింది. 2024లో ఆ సంస్థ కూడా డెబ్బై అయిదేళ్ళు నింపుకొంది. 1944లో ఆరంభమైన కాస్ట్ అకౌంటెంట్ల సంస్థకు 1959లో చట్టబద్ధత లభించింది. టన్ను బొగ్గుకు, టన్ను కాగితానికి ఎంత ఖర్చయింది అని తేల్చే ఆ విద్య మన జిల్లా పరిశ్రమలకు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

నేటి హైస్కూలు విద్యార్థి

మహారాష్ట్రలో 1975 నుంచి పదో తరగతి చివర ఎస్.ఎస్.సి. పరీక్ష నిలిచింది. జమాఖర్చుల శాస్త్రం పదకొండో తరగతి వాణిజ్య శాఖలో మొదలవుతుంది. అయినా పునాది అంతకు ముందే పడాలి. 2017, 2018 సంవత్సరాలలో వెలువడిన తొమ్మిది, పది తరగతుల గణిత పుస్తకాలలో అర్థనియోజనం అన్న అధ్యాయం చేరి, ఆదాయపు పన్ను, జి.ఎస్.టి., వాటాలు వంటివి బడిపిల్లలకు పరిచయమయ్యాయి. 2020 నుంచి పదో తరగతి ఉత్తీర్ణులైనవారు చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ కోర్సులో పేరు నమోదు చేసుకొనే వీలు కలిగింది. పరీక్ష మాత్రం పన్నెండో తరగతి తరువాతనే. 2023 నాటి విధానంలో దానికి నాలుగు పత్రాలు: అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, గణిత సామర్థ్యం, వ్యాపార అర్థశాస్త్రం. ఆ పైన ఇంటర్మీడియట్, రెండేళ్ళ ఆచరణాత్మక శిక్షణ, ఫైనల్ మెట్లు ఉన్నాయి.

అయితే ఆ పరీక్ష ఆంగ్లంలో గాని హిందీలో గాని రాయాలి. పుట్టుక అనే పాత అడ్డుగోడ కూలిన చోట భాష అనే కొత్త గడప నిలిచింది. తెలుగు మాధ్యమ విద్యార్థి అసలు సమస్య ఇదే. దీనికి భయపడి మాతృభాషను వదులుకోవడం పరిష్కారం కాదు. అర్థమైన విషయాన్ని మరో భాషలో చెప్పడం అలవాటు చేసుకోవడమే పరిష్కారం.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. రామయ్య దుకాణానికి వంద రూపాయలు చెల్లించాడు. మన దేశీయ చిట్టాలో ఎడమవైపు 'రామయ్య జమ' అని రాస్తారు. ఇచ్చిన మనిషి వైపు నుంచి చూసే పద్ధతి అది. ఆంగ్ల పద్ధతిలో నగదు పుస్తకం ఎడమవైపునే అది నగదు ఖాతాకు డెబిట్‌గా వస్తుంది. డబ్బు చేరిన పెట్టె వైపు నుంచి చూసే పద్ధతి ఇది. ఆవర్జాకు వచ్చేసరికి మన పాత పద్ధతిలో జమ ఎడమన ఉంటే, ఆంగ్ల లెడ్జరులో క్రెడిట్ కుడిన ఉంటుంది. ఈ తేడా తెలియనివాడు 'జమ అంటే డెబిట్టా, క్రెడిట్టా' అని తికమకపడతాడు. తెలిసినవాడు ఒకే వ్యవహారాన్ని ఇద్దరి కళ్ళతో చూడగలుగుతాడు. జమ, మరాఠీలో జమా, ఆంగ్లంలో క్రెడిట్ అని మూడు నుడులలో గుర్తుంచుకొన్న చంద్రపూర్ తెలుగు విద్యార్థి ఇతరులకన్నా ఒక మెట్టు ముందే ఉంటాడు.

కనుక హైస్కూలులోనే చేయదగిన పనులు స్పష్టం. ఇంటి ఖర్చును ఏడాది పొడుగునా ఏ రోజుకారోజు రాయాలి. నెలాఖరున మిగులు చేతిలోని నగదుతో సరిపోవాలి, సరిపోకపోతే కారణం కనుక్కొనేదాకా విడువరాదు. ఇంట్లోని కరెంటు బిల్లును, బ్యాంకు పాసుపుస్తకాన్ని, జీతపు చీటీని గడిగడికీ అర్థం చెప్పుకొంటూ చదవాలి. కంప్యూటరు కూడికను తానే చేస్తుంది గాని, ఏ పద్దు ఏ ఖాతాకు చెందుతుందో నిర్ణయించేది మనిషి బుద్ధే కాబట్టి ఎక్కాలకు, నోటిలెక్కకు ఇప్పటికీ విలువ తగ్గలేదు. పాఠశాలలు లెక్కల పారిభాషిక పదాలను మూడు భాషలలో గోడపత్రికగా ప్రకటిస్తే, వారానికొక గంట ఆంగ్లంలో పద్దులు చదివిస్తే, ఆ గడప దాటడం సులువవుతుంది.

లెక్క రాసే కలం ఒకనాడు కొద్దిమంది చేతిలో ఉండి, మిగిలినవారి వేలిముద్రలను శాసించింది. ఆ కలాన్ని గని కార్మికుని బిడ్డకు, నేతగాని బిడ్డకు, ఆడపిల్లకు అందించిన ఘనత మాతృభాషా పాఠశాలలది. ఆ కలం పట్టినవారు దానిని నిజాయితీగా నడపాలి. పక్కనున్న చదువురాని మనిషికి అతని లెక్కను అతని భాషలో చదివి వినిపించాలి. అప్పుడే డెబ్బై అయిదేళ్ళ ఈ విద్యాసేవ పద్దు సరిపోయినట్లు. మన పాఠశాల శతవసంతోత్సవం నాటికి ఈ ప్రాంగణంలో ఎక్కాలు వల్లించిన బిడ్డలు ఈ జిల్లా సంస్థల లెక్కలను సరిచూసి సంతకం చేసే స్థాయికి ఎదగాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.